డప్పు గొడవ

భిలాయిలో నాటకం వేయాలంటే ముందు కావలసింది స్క్రిప్టు కాదు, హార్మోనియం కాదు, ఆడవేషానికి ఒప్పుకునే మనిషి కూడా కాదు. డ్యూటీ చార్టు. ఊరంతా మూడు షిఫ్టుల మీద నడుస్తుంది. పొద్దున్న ఆరుకి కొందరు, మధ్యాహ్నం రెండుకి కొందరు, రాత్రి పదికి కొందరు గేటు వైపు వెళతారు. అవే వేళలకి మరికొందరు మొహాలు వేలాడేసుకుని బయటికొస్తారు. వారం మారితే వేళ మారుతుంది. పట్టపగలు ఏ వీధిలోకెళ్లినా, మూసున్న ఏదో ఒక కిటికీ వెనక ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించిన దగ్గర్నుంచీ ఇదే వరస.

ఆ ఊళ్లో పెరిగినవాడికి ఈ సంగతి తెలియదంటే మీరు నమ్మరు. తెలుసు. మా నాన్నే నైట్ డ్యూటీలు చేసేవారు. ఆయన లేచేదాకా మా అమ్మ మిక్సీ వేసేది కాదు, మేం గుమ్మంలో చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడిచేవాళ్లం. ఇంట్లో అంత ఒద్దిక పాటించిన నేనే హాల్లో అడుగుపెట్టగానే ఆ సంగతి మరిచిపోయేవాణ్ణి. ఎందుకంటే హాల్లో నేను కొడుకుని కాదు, కళాకారుణ్ణి. మీరు ఆ వయసులో ఏ క్రికెట్ టీముకో, యూనియనుకో, భజన మండలికో పనిచేసి ఉంటే, ఇంట్లో ఉన్న బుద్ధి గుమ్మం దాటగానే ఎక్కడికి పోతుందో మీకూ తెలిసే ఉంటుంది.

మా తెలుగువాళ్లకి అక్కడొక హాలు ఉండేది. ఏ సెక్టారో, సంఘం పేరేమిటో రాయను. వాళ్లని వీధికెక్కించే పని ఒకసారి చేశాను, చాలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చినవాళ్లు, జీతాల్లోంచి నెలకింతని వేసుకుని లేపిన హాలు అది. పైన రేకులు. స్టేజీకి ముదురెరుపు మఖమల్ తెర. దాన్ని లాగే తాడు ఒక్కోసారి సగంలో ఆగిపోతే, చనిపోయిన పాత్ర లేచి వెళ్లి సరిచేసేది. ఉగాదికి పంచాంగ శ్రవణం, వినాయక చవితికి పందిరి, ఆదివారం పొద్దున్న పిల్లలకి తెలుగు క్లాసు, సాయంత్రాలు ఆడపిల్లలకి కూచిపూడి, రాత్రి భజన, మధ్యమధ్య పెళ్లిళ్లు. ఇవన్నీ పోగా మిగిలిన సందులో నాటకం.

నేను చెప్పేది తొంభైల మొదట్లో సంగతి. అప్పటికింకా ఛత్తీస్‌గఢ్ లేదు. మాది మధ్యప్రదేశ్, దుర్గ్ జిల్లా. నాకు ఇరవై దాటింది, కాలేజీ అయిపోవచ్చింది, ఉద్యోగం లేదు. అంటే విప్లవానికి కావలసిన అర్హతలన్నీ ఉన్నాయి. నాతో ఒక డజను మంది కుర్రాళ్లు. వాళ్లలో సగం మందికి తెలుగు చదవడం రాదు. చదువంతా హిందీలో సాగింది కాబట్టి డైలాగుల్ని నాగరి లిపిలో రాసుకునేవాళ్లు. హిందీలో మన 'ళ' ఎవరూ రాయరు కదా, 'కళ్లు' కాస్తా 'కల్లు' అయ్యేది. హీరో తల్లి ముందు మోకరిల్లి, 'అమ్మా, నా కల్లు తెరిపించావు' అని గద్గదంగా అనేసరికి హార్మోనియం ముందు కూర్చున్నవాడు బల్ల కిందికి దూరేవాడు. ఇలాంటివాళ్లతో ఒక్క సీను తేలాలంటే మధ్యాహ్నమంతా పట్టేది.

నాటిక మేమే రాసుకున్నాం. కాంట్రాక్టు కూలీ కథ. దానికి పెద్దగా ఊహ అక్కర్లేని రోజులవి. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని మా ఊళ్లోనే, నిద్రపోతుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. ఒకప్పుడు మా ప్లాంటు కోక్ అవెన్స్‌లో పనిచేసిన మనిషి. మరుసటేడు జులై 1న పవర్ హౌస్ స్టేషన్లో పట్టాల మీద బైఠాయించిన కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. 15 మందికి పైగా పోయారు. పవర్ హౌస్ అంటే మేం కూరగాయలకీ, బట్టలకీ వెళ్లే బజారు. ఆ తర్వాత చాలా రోజులు పెద్దవాళ్లు ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించేవారు. మేం పెంచేవాళ్లం.

మా నాటికలో ఒక సీను ఉంది. కూలీ పెళ్లాం అన్నం క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికొస్తుంది. గార్డు మొగుడి పేరడుగుతాడు. రిజిస్టరంతా వెతికి ఆ పేరు లేదంటాడు. 'పొద్దున్న లోపలికెళ్లాడు బాబూ' అంటుందావిడ. 'లోపలికెళ్లినవాడైతే ఇందులో ఉండాలి కదమ్మా' అంటాడు గార్డు. ఆవిడ క్యారేజీ కింద పెట్టి అక్కడే కూర్చుంటుంది. అంతే సీను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నాటికలో నిలబడేది అదొక్కటే. మిగతాదంతా నా ఉపన్యాసం, నాలుగు పాత్రలకి పంచిపెట్టింది.

సీన్ల మధ్య డప్పు ఉండాలని పట్టుబట్టింది కూడా నేనే. ఖుర్సీపార్‌లో మనవాళ్లు చాలామంది ఉంటారు, అక్కడ ఒకాయన్ని బతిమాలి తెచ్చాం. డప్పంటే తెచ్చి కొట్టేయడం కాదు, సెగ చూపించి చర్మం బిగించాలి. హాలు వెనక పాత పేపర్లు, ఎండాకులు పోగేసి మంటేసేవాళ్లం. డప్పుని అటూ ఇటూ తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటి, కంగుమన్నాక లోపలికి పరుగు. కాసేపటికి సడలిపోయేది. మళ్లీ మంట. మాలో కాస్త వాయించడం వచ్చినవాడు ఒక్కడే, కానీ అందరం తలా కాసేపు వాయించేవాళ్లం. ఆ పొగ ఎవరి పెరట్లోకి పోతోందో, ఆ మోత ఏ గోడ దాటుతోందో చూసే తీరిక మాకు లేదు. మాకు దొరికిన వేళ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు.

ఒకరోజు వెళ్లేసరికి తలుపు మీద కార్బన్ కాగితం కాపీ ఒకటి అంటించి ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు వాద్యములతో రిహార్సల్సు చేయరాదు. కింద కార్యదర్శి సంతకం. ఇంకేం లేదు.

కార్యదర్శి గారు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న ఫోర్‌మన్. మా నాన్నకి సీనియరు, మా అందరికీ మావయ్యగారు. వెళ్లి అడిగాం.

"ఎందుకు మావయ్యగారూ?"

"ఎందుకేటి బాబూ, వద్దన్నాం గదా. డప్పు నేకుండా మాటలు చెప్పుకోండి. ఆదివారం మజ్జానం మీ ఇష్టం, పొద్దుపోయేదాకా కొట్టుకోండి."

"కారణం చెప్పాలి కదండీ."

"కారణం నీకెందుకు? పెద్దోళ్లు ఒకటి సెప్పారంటే ఉంటాది."

కారణం ఉంది. చెప్పలేదు. అది ఆయన తప్పేనని ఇప్పటికీ అంటాను. కారణం చెప్పనప్పుడు కుర్రాళ్లు ఆ జాగాని ఖాళీగా ఉంచరు, తమకి నచ్చిన కారణంతో నింపుకుంటారు. మాకు నచ్చిన కారణం ఒకటే. నాటిక సంగతి పైకి తెలిసింది, కమిటీ భయపడింది, డప్పు ఒక వంక. ఇది నేను ఊహించి చెప్పానా, ఎవరైనా అన్నదాన్ని పట్టుకున్నానా గుర్తులేదు. సాయంత్రానికల్లా అందరం అదే చెబుతున్నాం.

పైగా నా దగ్గర ఒక ఉదాహరణ సిద్ధంగా ఉంది. మా పక్క క్వార్టరులో ఉండే మరాఠీ స్నేహితుడు పుణె సంగతి చెప్పాడు. విజయ్ తెండూల్కర్ రాసిన 'ఘాశీరామ్ కొత్వాల్'ని అక్కడి ప్రోగ్రెసివ్ డ్రమాటిక్ అసోసియేషన్ కుర్రాళ్లు 1972 డిసెంబరులో మొదలుపెట్టారు. 19 ప్రదర్శనలయ్యాక సంస్థ పెద్దలే ఆపించారు. జబ్బార్ పటేల్, సతీశ్ ఆళేకర్, మోహన్ ఆగాశే వగైరా బయటికొచ్చేసి 1973లో థియేటర్ అకాడమీ పెట్టుకున్నారు, 1974లో అదే నాటకాన్ని మళ్లీ ఎక్కించారు. వింటుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వాళ్లకి నాటకమే ఆపారు, మాకు మూడు గంటలు డప్పు ఆపారు. ఈ రెండింటికీ తేడా ఉందన్న అనుమానం నాకు రాలేదు. వచ్చినా తోసేసేవాణ్ణి, ఎందుకంటే అప్పటికే నన్ను నేను భిలాయి జబ్బార్ పటేల్‌ని చేసేసుకున్నాను.

నాలుగు పేజీల ఉత్తరం రాశాను. తెల్లవాళ్లు 1876లో చేసిన నాటక ప్రదర్శనల చట్టాన్ని అందులోకి లాక్కొచ్చాను. ఆ చట్టాన్ని పుస్తకాల్లోంచి తీసేయడానికి మన ప్రభుత్వానికి 2018 దాకా పట్టింది, అది వేరే సిగ్గు. మా కార్యదర్శి గారు ఆ చట్టం పేరు కూడా విని ఉండరు. 'కళ గొంతు నులుముతున్న', 'నిరంకుశ', 'ఫాసిస్టు ధోరణి' లాంటి మాటలు పేజీకి రెండు మూడు చొప్పున వేశాను. ఆదివారం వాయించుకోమన్న సంగతి మాత్రం రాయలేదు. అది రాస్తే మిగతా నాలుగు పేజీలూ నిలబడవని నాకు లోపలెక్కడో తెలుసు. ఆ తెలిసిన ముక్కని తెలియనట్టు దాటేసిన క్షణం ఉంది చూశారూ, నా మొత్తం తప్పు అక్కడుంది. తర్వాత జరిగినవన్నీ దాని పర్యవసానాలే.

ఒక కాపీ కమిటీకి, ఒకటి పై ఆఫీసుకి, ఒకటి హిందీ పేపరు విలేకరికి. పేపర్లో చిన్న వార్త పడింది. దాన్ని కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. చూపించమని ఎవరూ అడక్కపోయినా చూపించాను.

పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మేం ఊహించినట్టు మా నాటకం గురించి అడగలేదు. స్థలం లీజు కాగితాలు చూపించమన్నాడు. తర్వాత తలెత్తి చూసి, స్టేజీ లైట్లకి వెళ్లే వైరు ఏ మీటరు నుంచి వస్తోందని అడిగాడు. దానికి జవాబు హాలు కట్టిన పెద్దల్లో ఒక్కరి దగ్గరా లేదు. ఎవరో ఎప్పుడో ఏదో పండగకి లాగారు, అది అలా ఉండిపోయింది. సరిచేసుకునేదాకా కరెంటు తీసేశారు. కూచిపూడి క్లాసు ఆగిపోయింది. చీకటి పడితే హాలుకి తాళం. ఒక సాయంత్రం ఆ క్లాసులో చేరిన పిల్ల తల్లి మా ఇంటికొచ్చింది. నాతో కాదు, మా అమ్మతో, "మీవాడు పెద్ద పనే చేశాట్ట కదండీ" అని, ఇచ్చిన టీ పూర్తిగా తాగి, కప్పు కడిగి పెట్టి మరీ వెళ్లింది. ఆ కప్పు కడగడం మా అమ్మ చాలాకాలం మరిచిపోలేదు.

కరెంటు వచ్చింది. ఉగాది దగ్గర పడింది. అప్పుడు, నిజంగా అప్పుడు, కమిటీ గేటు సీను తీసేయమంది.

ఈసారి కారణం కూడా చెప్పారు. లీజు కాగితాలు ఇంకా పై ఆఫీసులోనే ఉన్నాయి, గేటునీ గార్డునీ స్టేజీ మీద పెడితే ఎవరికి ఎలా తగులుతుందో, ఎందుకొచ్చిన గొడవ. అంటే నేను మొదట ఊహించుకున్న భయం ఇప్పుడు నిజంగా పుట్టింది, పుట్టించింది నా ఉత్తరం. అయినా సీను తీసేయమనడం తప్పు. అప్పుడూ తప్పే అన్నాను, ఇప్పుడూ తప్పే అంటాను. ఎవర్నీ పేరు పెట్టి తిట్టని సీను, నినాదం లేని సీను, ఒక ఆడమనిషి క్యారేజీ పట్టుకుని కూర్చునే సీను. దాన్ని కాపాడుకోవాల్సింది.

జనరల్ బాడీ మీటింగు పెట్టించాం. సభ్యుల్లో మమ్మల్ని ఇష్టపడేవాళ్లు తక్కువేం కాదు. ముఖ్యంగా స్టీల్ మెల్టింగ్ షాపులో క్రేన్ నడిపే ఒక బాబాయి. ప్రతి నాటకానికీ ముందు వరసలో కూర్చుని, మేం మరిచిపోయిన డైలాగు కిందనుంచి అందించే మనిషి. ఆయన లేస్తే హాలు సగం మావైపు వస్తుందని నా లెక్క. నేను పావుగంట మాట్లాడాను. గొంతు నులమడం, నిరంకుశత్వం, అన్నీ మళ్లీ వచ్చాయి. ఆయన లేచాడు.

"ఒరే బాబూ, నీ కాగితం నేను చదివాను. డప్పు ఆదివారం కొట్టుకోమంటే ఫాసిజం అన్నావు. ఇయ్యాల సీనే కోసెయ్యమంటన్నారు. ఇది అన్నేయమే, నేనొప్పుకుంటాను. కానీ దీన్ని ఏమని తిడతావు? ఉన్న తిట్లన్నీ డప్పుకే వాడేసినావు గదా."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. చేతులెత్తమన్నప్పుడు ఇటూ ఎత్తలేదు, అటూ ఎత్తలేదు. బయటికెళ్లి బీడీ ముట్టించుకున్నాడు. సీను పోయింది.

ఆ మాటకి నాకు జ్ఞానోదయం అయిందని రాస్తే బాగుంటుంది. కాలేదు. ఒళ్లు మండింది. మైకు ముందుకెళ్లి, మేం ఈ హాలు మెట్లు ఇక ఎక్కం అని ప్రకటించి, మా కుర్రాళ్లని తీసుకుని నడిచాను. బయట నిలబడి ఇంకో ప్రసంగం చేశాను. మనకి తెరా లైట్లూ ఎందుకు? మనకి దగ్గర్లోని గనియారీలో పుట్టిన తీజన్ బాయి, మన స్టీల్ ప్లాంటు ఉద్యోగే, చేతిలో తంబూరా ఒక్కటి పట్టుకుని ఇదే భీముడి గద అంటే దేశదేశాలు నమ్మలేదా? పదమూడో ఏటి నుంచి జనం ముందు పండవానీ, అంటే పాండవుల కథ, పాడుతూ వచ్చిన మనిషావిడ. మేం 'కళ్లు' అనడం నేర్చుకుని నెల కాలేదు. ఆ తేడా కూడా ప్రసంగంలో రాలేదు.

మైదానంలో వేశాం. రెండు బల్లలు కలిపి స్టేజీ, అద్దె మైకు, డప్పు మాత్రం దండిగా. మేం చూసుకోనిది మళ్లీ డ్యూటీ చార్టే. మైదానం పక్కనుంచే ప్లాంటు రోడ్డు. ఆలస్యంగా మొదలై, గేటు సీను వచ్చేసరికి రాత్రి పదిన్నర కావచ్చింది. సెకండ్ షిఫ్టు దిగినవాళ్లు వస్తున్నారు. సైకిలు తర్వాత సైకిలు, హ్యాండిళ్లకి ఖాళీ క్యారేజీలు గలగలమంటూ. స్టేజీ మీద కూలీ పెళ్లాం క్యారేజీ కింద పెట్టి కూర్చుంది. కింద కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తలతిప్పి, తమ మనిషి వస్తున్నాడా అని రోడ్డు వైపు చూడ్డం మొదలెట్టారు. కనిపించగానే పిల్లల్ని చంకనేసుకుని లేచిపోయారు. మా సీను చెప్పదలుచుకున్నది రోడ్డు మీద జరుగుతుంటే స్టేజీ వైపు చూసేవాడు లేడు. అందులో ఎంత నాటకం ఉందో కూడా నేను అప్పుడు గమనించలేదు. లౌడ్ స్పీకరు వాల్యూము పెంచమని సైగ చేస్తున్నాను.

తర్వాత ఇంకో నాటిక రాలేదు. ఒకడు వైజాగు వెళ్లాడు, ఒకడికి మైన్స్‌లో ఉద్యోగం వచ్చి దల్లీ రాజహరా పోయాడు. పుణె వాళ్లు బయటికొచ్చాక సంస్థ కట్టారు, ఆ నాటకాన్ని 1980లో యూరప్ దాకా తీసుకెళ్లారు. మేం బయటికి రావడం వరకే బాగా రిహార్సల్ చేశాం.

కొన్నేళ్లకి నాకూ ప్లాంటులోనే ఉద్యోగం వచ్చింది. రైల్ మిల్లులో. మన రైలు పట్టాల్లో చాలావాటికి పుట్టిల్లు అది. ఎర్రగా కాలుతున్న పట్టాని హాట్ సా కోస్తుంటే వచ్చే చప్పుడు చెవుల్లోంచి కాదు, పళ్లలోంచి దూరుతుంది. డ్యూటీ దిగాక కూడా చాలాసేపు తలలో తిరుగుతూనే ఉంటుంది. అప్పటికి రాష్ట్రం కూడా మారింది, ఛత్తీస్‌గఢ్ వచ్చింది. నాకు దొరికిన క్వార్టరు ఆ హాలు వెనక వీధిలోది. వంటింటి కిటికీ తీస్తే, మేం డప్పు కాచిన చోటు.

నైట్ డ్యూటీ చేసేవాళ్లకి నిద్ర ఒక్క ముక్కగా రాదు. పొద్దున్న వచ్చి పడుకుంటే ఎండెక్కగానే మెలకువ వచ్చేస్తుంది. లేచి, ఏదో తిని, మళ్లీ ఒరిగితే మధ్యాహ్నం రెండో ముక్క పడుతుంది. రాత్రి మిల్లులో మనిషిని నిలబెట్టేది ఆ రెండో ముక్కే. అది రెండు నుంచి ఐదు. మా నాన్నకి ఎన్నేళ్లు ఆ వేళ కాపలా కాశామో, అయినా నా సొంత ఒంటికి తగిలేదాకా ఆ అంకె నోటీసులోకి ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తట్టలేదు.

మే నెల. కిటికీకి తడి తువ్వాలు, కూలరు మోత. అప్పుడే కన్నంటుకుంది. ఢాం. డప్పు కాదు, డ్రమ్ముల సెట్టు, కాలం మారింది కదా. ఒక దెబ్బ, గ్యాపు, మూడు దెబ్బలు, నవ్వులు, మళ్లీ మొదటి దెబ్బ. వాయించడం రానివాడి చేతిలో ఉందని తెలిసిపోతోంది. తలగడ చెవికి అదుముకున్నాను. లాభం లేకపోయింది. లేచి, బనీనుతోనే బల్ల ముందు కూర్చుని కమిటీకి ఉత్తరం మొదలుపెట్టాను. అయ్యా, నేను నైట్ డ్యూటీ చేసి వస్తాను, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు... అక్కడికి వచ్చేసరికి నేనేం రాస్తున్నానో నాకు అర్థమైంది.

పెన్ను చేతిలోంచి జారిపోలేదు. అర్థమయ్యాక కూడా ఉత్తరం పూర్తి చేశాను. నిద్ర అంత అవసరం. చివర్లో మాత్రం ఒక వాక్యం కలిపాను: నా పేరు, క్వార్టరు నంబరు పిల్లలకి చెప్పవచ్చు.

ఇవ్వడానికి వెళితే పాత మావయ్యగారు లేరు, రిటైరై ఊరెళ్లిపోయారట. కొత్త కార్యదర్శి నాకంటే చిన్నవాడు. బీరువాలోంచి ఉత్తరాల ఫైలు తీశాడు. కొత్త కాగితం గుచ్చబోతూ, "ఇందులో మీది ఇంకోటి ఉన్నట్టుందండీ" అని నవ్వి, నా నాలుగు పేజీలు తిప్పి చూపించాడు. 'ఫాసిస్టు' అన్న మాట కింద ఎవరో ఎర్ర పెన్సిల్‌తో గీత గీశారు. దాని కిందే ఇంకో చిన్న కాగితం, హిందీలో. వెనక వీధిలో ఉండే కోక్ అవెన్స్ మనిషి రాసింది. తెలుగువాడు కాదు. చేతిరాత చూస్తే ఉత్తరాలు రాసే అలవాటున్నవాడిలా లేడు. నైట్ షిఫ్టు, రెండు నుంచి ఐదు, డప్పు, పొగ వల్ల దగ్గు. ఆఖర్న: ఆదివారం నాకు సెలవు, ఆ రోజు ఎంతసేపైనా వాయించుకోవచ్చు, అభ్యంతరం లేదు.

ఆదివారం అన్న మాట కమిటీది కాదన్నమాట. తన సెలవు రోజు ఆయన మాకిచ్చేశాడు. మావయ్యగారు ఆ పేరు దాచింది మేం ఆయన గుమ్మం ముందుకెళ్లి గొడవ చేస్తామని. ఆ భయం ఉత్తిది కాదు. వెళ్లేవాళ్లం, డప్పుతో సహా. నా ఉత్తరంలో ఆదివారం సంగతి ఎగ్గొట్టినప్పుడు నేను ఎగ్గొట్టింది ఎవరిదో, ఆ బీరువా ముందు నిలబడి తెలుసుకున్నాను. క్వార్టరు నంబరు చూసి వెళ్లి అడిగాను. ఇప్పుడు అందులో వేరేవాళ్లున్నారు.

నా పేరు పిల్లలకి చెప్పారు. మర్నాడు సాయంత్రం గుమ్మం ముందు నలుగురైదుగురు నిలబడ్డారు. ముందున్న అమ్మాయి చేతులు కట్టుకుని, "అంకుల్, మీకు నాటకమంటే ఎందుకంత కోపం?" అంది. ఆ 'అంకుల్' దగ్గర కాస్త తడబడ్డాను. లోపలికి పిలిచి, నా డ్యూటీ చార్టు చూపించాను. నాకు నైటు పడ్డ వారాలు డ్రమ్ములు లేకుండా మాటలు, మిగతా వారాలు మీ ఇష్టం అన్నాను. పక్క రెండు క్వార్టర్ల చార్టులు కూడా వాళ్లే వెళ్లి రాసుకొచ్చారు. ఆ తెలివి మాకు లేకపోయింది.

తర్వాత వాళ్లకీ ఒక సీను దగ్గర ఇబ్బంది వచ్చింది. కమిటీ ఎన్నికల మీద వెక్కిరింపు సీను ఒకటుంది, తీసేయమన్నారు. చదివాను. బాగుంది, నేను రాసినవాటికంటే నయం. మాట్లాడ్డానికి నన్నూ తోడు రమ్మంటే వెళ్లాను. దారిలో ఒక్కటే చెప్పాను, సీను గురించే మాట్లాడండి, డ్రమ్ముల ఊసు ఎత్తకండి అని. అందరూ సరేనన్నారు. లోపలికెళ్లి కూర్చున్నాం, టీలొచ్చాయి. ఆ అమ్మాయి గొంతు సవరించుకుని, "అసలు మధ్యాహ్నం డ్రమ్ములు ఆపించినప్పుడే మా గొంతు నొక్కడం మొదలైంది" అంది. ఆపించినవాణ్ణి నేను, ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాను.